పడవ వంటమనిషికి ముందే ఓ చీటీ

చెన్నై నుంచి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ వెళ్లి, కెప్టెన్, వంటమనిషి ఉన్న తెరచాప పడవ ఐదు రోజులకు మాట్లాడుకున్నాం, నలుగురం. తిండి ఏం కావాలో రాయమని వాళ్లు ముందే ఫారం పంపితే 'వెజిటేరియన్' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నా. మొదటి రోజే కూరగాయల ఫ్రైడ్ రైస్‌లో ఫిష్ సాస్ వాసన! వాళ్ల తప్పేం లేదు, అక్కడ అది మనకు ఉప్పు ఎలాగో అలా. అత్తయ్య ఆ పూట అరటిపళ్లతో సరిపెట్టుకున్నారు.

రెండోసారి అదే ఫారంలో ముందు 'జే' అని రాశా, అంటే థాయ్‌లాండ్‌లో మాంసం, చేప, గుడ్డు, పాలు లేని వంట. దాని కింద వద్దన్నవి పేరుపేరునా: ఫిష్ సాస్, ఆయిస్టర్ సాస్, రొయ్యల ముద్ద. ఆ తర్వాత కావలసినవి కొలతతో, బియ్యం 3 కిలోలు, జేలో లేకపోయినా మాకు కావాలి కాబట్టి చక్కెర కలపని పెరుగు 2 కిలోలు (చక్కెర కలపని అని రాయకపోతే తియ్యటిది తెస్తారు), పచ్చిమిర్చి పావుకిలో. కందిపొడి మాత్రం మనమే పట్టుకెళ్లాలి, అదీ మడతపెట్టే మెత్తటి బ్యాగులో, ఎందుకంటే గట్టి సూట్‌కేసు పెట్టడానికి ఆ క్యాబిన్‌లో చోటుండదు.

ఒక్కటి చూసుకోండి. జే వంటలో ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు, కావాలంటే విడిగా రాయాలి. సరుకులు పడవ కదలకముందే కొనేస్తారు కాబట్టి ఫారం కనీసం వారం ముందు చేరాలి, ఎక్కాక చెబితే నడిసముద్రంలో పెరుగు ఎక్కణ్నుంచి తెస్తారు?