ఇంజన్ దించే ముందు

లారీ మీటరు ఆరు లక్షల కిలోమీటర్లు దాటిందంటే చాలు, "బోరుకొచ్చింది, దించేద్దాం" అంటారు మెకానిక్కులు. అంటే సిలిండర్లు అరిగాయి, ఇంజన్ దించి విప్పి బాగుచేయాలని. విజయవాడ ఆటోనగర్‌లో లారీ వదిలే ముందు ఇవి చూసుకోండి.

ముందు పొగ. నల్లగా వస్తే ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్ల సంగతి తేల్చండి. నీలంగా వస్తే ఆయిల్ మండుతోంది. అయినా తప్పు పిస్టన్ రింగులదే కానక్కర్లేదు, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో సీలు పోయినా అదే పొగ. ఇంజన్ చల్లారాక టర్బో గొట్టం విప్పి వేలు పెట్టి చూడండి, ఆయిల్ కారుతుంటే అనుమానం అక్కడే. మా బండికి ఇంజన్ పనంతా చేయించాక గానీ ఈ సంగతి తెలియలేదు!

ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, ఆ కంత మీదే తిరగేసి పెట్టండి. ఎగిరి పడుతూ, ఆవిరి గుప్పుమంటే కంప్రెషన్ రింగుల పక్క నుంచి కిందికి జారిపోతోందన్నమాట. అప్పుడు కంప్రెషన్ టెస్టు చేయించి, ఒక్కో సిలిండరు రీడింగు రాయించుకోండి. "శబ్దం వింటే తెలుస్తుందిలే" అంటే తలూపొద్దు.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల టీ రంగులో ఉందా? నీళ్లు కలిశాయి, బండి ఇక కదపొద్దు.

స్లీవులు, పిస్టన్లు, బేరింగుల లెక్క ముందే చెబుతారు. క్రాంక్ గ్రైండింగ్ (క్రాంక్ షాఫ్టును అరగదీయడం), హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగు చదును చేయడం) బిల్లు విప్పాకే తేలుతుంది. క్రాంక్ ఇప్పటికే చివరి అండర్‌సైజులో ఉంటే, అంటే ఇక అరగదీయడానికి వీల్లేనంత సన్నబడితే, కొత్తది కొనాల్సిందే. ఛాసిస్ తుప్పు పట్టి ఉంటే ఈ ఖర్చే దండగ.

గుంటూరు మిర్చి కిరాయిలు జోరుగా ఉన్నప్పుడు దించకండి. ఈఎంఐ ఆగదు కదా. మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చాక చూసుకోవచ్చు. ఇంజన్‌లోంచి తీసేసిన పాత సామాను మాత్రం అడిగి తెచ్చుకోండి.