పండక్కి ఇల్లు నిండేలోపు: చప్పుళ్లు పడనివాళ్లకు జాగ్రత్తలు

పోయిన దసరాకు మా బంధువులింట్లో, తండ్రి చారు జుర్రుతున్నాడని డిగ్రీ చదివే కొడుకు కంచం విసిరికొట్టి లేచిపోయాడు. అందరూ పొగరన్నారు. ఆ అబ్బాయికి ఉన్నది మిసోఫోనియా. నమలడం, జుర్రడం, ముక్కు ఎగబీల్చడం లాంటి చిన్న చప్పుళ్లకే ఒళ్లు మండిపోతుంది. వినికిడి పరీక్ష చేయిస్తే మామూలుగానే వస్తుంది. 2017లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీ పరిశోధకులు స్కాన్ చేసి చూస్తే, ఈ చప్పుళ్లకు మెదడులో ఇన్సులా అనే చోటి ముందుభాగం అతిగా స్పందించింది, గుండె వేగమూ పెరిగింది. ఇప్పుడు సంక్రాంతి వస్తోంది. ఇంటి నిండా చుట్టాలు, పళ్లెం నిండా సకినాలు.

నేను చూసినంతలో మనుషుల్ని ముంచే పొరపాటు ఒక్కటే: పొద్దస్తమానం ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోవడం. చెవికి శబ్దం అందకపోతే మెదడు తన వాల్యూమ్ తానే పెంచుకుంటుంది. మొదట భోజనాల దగ్గర, తర్వాత బస్సులో, ఆ తర్వాత పడుకునేటప్పుడు కూడా పెట్టుకుంటారు. తీసిన రోజు వంటింట్లో గరిటె చప్పుడు కూడా భరించలేరు. చివరికి గదిలో ఒంటరిగా తింటారు. ప్లగ్‌లు డీజేకి, మైకుసెట్లకి ఉంచుకోండి. భోజనాల దగ్గర ఫ్యాను వేయండి, టీవీలో పాటలు సన్నగా పెట్టండి. చప్పుడు మిగతా వాటిలో కలిసిపోతుంది.

పంక్తిలో చివర కూర్చోండి. నమిలే మనిషి ఎదురుగా వద్దు, దవడ కదలడం చూసినా కొందరికి మండుతుంది. ముందురోజే ఇంట్లో ఒకరికి చెప్పి పెట్టుకోండి, అందరికీ వద్దు. మంట మొదలవగానే "మంచినీళ్లు తెస్తా" అని లేవండి. ఐదు నిమిషాలు బయట నిలబడి రండి. ఎదుటివాళ్లను వెక్కిరిస్తూ అలాగే నమలొద్దు. నిద్ర తక్కువైన రోజు మరీ జాగ్రత్త.

ఇంట్లోవాళ్లూ, మీకూ చెప్తున్నాను. అలవాటు చేస్తామని పక్కన కూర్చోబెట్టి బలవంతంగా తినిపించొద్దు, కోపం పెరుగుతుందే తప్ప అలవాటు కాదు. చెవి దగ్గర జంతిక కొరికి నవ్వొద్దు. చుట్టాల ముందు "మావాడికి పిచ్చి" అనొద్దు. చదువో, ఉద్యోగమో, కాపురమో దెబ్బతింటుంటే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) తెలిసిన సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి, కొంతమందికి పనిచేస్తోంది. దీనికంటూ ప్రత్యేకంగా మందు లేదు, ఉందని అమ్మేవాళ్లను నమ్మొద్దు. ఇక ఆ ప్లగ్‌లు రాత్రి పడుకునేటప్పుడైనా తీయించండి.