నాక్స్ తగ్గించడం – 3వ పాఠం: గాలిని అదుపులో పెట్టడం

పోయిన పాఠం ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. బొగ్గు బాయిలర్‌లో నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు) ఎక్కువగా బొగ్గులో ఉన్న నైట్రోజన్ నుంచే పుడుతుంది, మిగతాది 1500 డిగ్రీలు దాటిన మంటలో గాలిలోని నైట్రోజన్ నుంచి. రెండింటికీ ఆక్సిజన్ కావాలి, కాబట్టి ఈరోజంతా గాలి గురించే.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఊక బాయిలర్ నడిపి వచ్చినవాళ్లకు ఒక అలవాటుంటుంది, నల్ల పొగ వస్తుందేమోనని డ్యాంపర్ (గాలి తలుపు) బార్లా తెరిచిపెట్టడం. పెద్ద బాయిలర్‌లో అదే చేస్తే నాక్స్ పెరుగుతుంది, వేడి కూడా చిమ్నీలోంచి పోతుంది.

పద్ధతి ఇది. లోడ్ నిలకడగా ఉన్నప్పుడు, ఎకనామైజర్ (పొగ వేడితో నీళ్లను ముందే వేడిచేసే భాగం) అవుట్‌లెట్‌లో ఆక్సిజన్ 4.5 శాతం ఉందనుకోండి, సెకండరీ ఎయిర్‌ను (బొగ్గు పొడిని మోసుకొచ్చే గాలి కాక, మండడానికి విడిగా ఇచ్చే గాలి) కొంచెం తగ్గించి 4.3కి తెచ్చి ఓ పావుగంట ఆగండి. బొగ్గు సరిగా కాలకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కదలకపోతే మరో 0.2 తగ్గించండి. ఎక్కడో ఒక దగ్గర అది ఒక్కసారిగా ఎగబాకుతుంది, అక్కడి నుంచి ఒక మెట్టు పైకొచ్చి ఆగిపోవాలి. అంతకంటే లాగితే బూడిదలో కాలని బొగ్గు మిగులుతుంది, వాటర్‌వాల్ ట్యూబులు (బాయిలర్ గోడల్లోని నీటి గొట్టాలు) తుప్పుపట్టి అరిగిపోతాయి.

సగటును మాత్రం నమ్మకండి! కొత్తలో ఒక నైట్ షిఫ్టులో నేను ప్యానెల్ మీద ఆక్సిజన్ సగటు 3.6 చూసి నిశ్చింతగా టీ తాగాను, తెల్లారి బూడిద వేళ్ల మధ్య నలిపితే కాటుకలా అంటింది. చూస్తే ఎడమ వైపు 2.2, కుడి వైపు 5. ముందు రెండు వైపులా సరిచేయండి, తర్వాతే తగ్గించండి.

బర్నర్ల దగ్గర గాలి కాస్త కొరత పెట్టి, మిగిలింది ఓవర్ ఫైర్ ఎయిర్ (బర్నర్లకు పైనున్న గాలి ద్వారాలు) ద్వారా ఇస్తే, బొగ్గులోని నైట్రోజన్ ఆక్సైడ్‌గా మారే బదులు మామూలు నైట్రోజన్‌గానే వెళ్లిపోతుంది. మొత్తం గాలి పెంచకుండా కింద తగ్గించి పైన ఇవ్వడమే ఇందులో కిటుకు, చాలామంది కింద తగ్గించకుండానే పైన తెరుస్తారు.

ఇక లెక్క. మీటర్‌లో నాక్స్ ఘనపు మీటరుకు 430 మిల్లీగ్రాములు, ఆక్సిజన్ 7 శాతం. 2004–2016 మధ్య వచ్చిన యూనిట్లకు పరిమితి 450, లోపలే ఉన్నామనుకుంటారు. కానీ రీడింగ్‌ను 6 శాతం ఆక్సిజన్‌కు మార్చాలి: 430 × (21–6) ÷ (21–7) = దాదాపు 461 (21 అంటే మామూలు గాలిలో ఆక్సిజన్ శాతం). దాటిపోయింది. చిమ్నీలో గాలి కలిపి తప్పించుకోకుండా పెట్టిన నియమం ఇది.

మన దామరచర్ల దగ్గరి యాదాద్రి ప్లాంటు లాంటి 2017 నుంచి వచ్చిన యూనిట్లకు పరిమితి 100. గాలి సర్దుబాటుతో ఒక్కటే అక్కడికి చేరలేం, అమ్మోనియా, కేటలిస్ట్ (రసాయన చర్యను వేగం చేసే పదార్థం) కావాలి. అది 4వ పాఠం. ఈలోపు 390, ఆక్సిజన్ 5 శాతానికి లెక్క కట్టి పెట్టుకోండి.