పాత న్యూస్ రీళ్ళలో మన ఊరిని వెతకడం, గుర్తుపట్టడం ఎలా?

బ్రహ్మోత్సవాలు వచ్చాయంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఏదో ఒక నలుపు తెలుపు వీడియో తిరగడం మొదలవుతుంది. ‘వందేళ్ళ కిందటి తిరుమల, అరుదైన దృశ్యాలు, అందరికీ పంపండి’ అని రాసి ఉంటుంది. తీరా చూస్తే నాలుగు దిక్కులా ఆకాశాన్నంటే గోపురాలు, చుట్టూ చదునైన నేల. కొండ ఎక్కడుంది అందులో? తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా దండం పెట్టుకుని ఫార్వర్డ్ చేసేస్తున్నారు. నిజమైన పాత ఫిల్ములు ఇంట్లో కూర్చుని ఉచితంగా చూసే వీలుండగా, కనిపించిన ప్రతి గుడినీ మన గుడి అనేయడం నాకు అస్సలు నచ్చదు. అందుకే ఈ పని ఎలా చేయాలో మొదటి నుంచి రాస్తున్నాను.

కావలసినవి: ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ఒక నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో చూడకండి. గోపురం అంతస్తులు లెక్కపెట్టడానికి ఆ స్క్రీన్ సరిపోదు.

ముందు ఎక్కడ వెతకాలో తెలుసుకోండి. 1910లో బ్రిటన్‌లో న్యూస్ రీళ్ళు, అంటే సినిమా హాళ్ళలో వేసే చిన్న వార్తా చిత్రాలు, మొదలుపెట్టిన బ్రిటిష్ పాథే కంపెనీ 2014లో 85,000 ఫిల్ములను యూట్యూబ్‌లో పెట్టింది. ఆ తర్వాతి సంవత్సరం అలాంటిదే ఇంకో కంపెనీ బ్రిటిష్ మూవీటోన్ కూడా వచ్చింది. అమెరికా వాళ్ళ యూనివర్సల్ న్యూస్ రీళ్ళు, అంటే 1929 నుంచి 1967 దాకా తీసినవి, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. కానీ 1978లో అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో, తేలిగ్గా మండే పాత నైట్రేట్ ఫిల్ముకు నిప్పంటుకుని చాలా రీళ్ళు కాలిపోయాయి కాబట్టి అన్నీ ఉంటాయని ఆశపడకండి. మన దేశానికొస్తే కేంద్ర ప్రభుత్వపు ఫిల్మ్స్ డివిజన్. 1948లో పెట్టారు, ఇప్పుడు ఎన్ఎఫ్‌డీసీలో (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ) కలిపేశారు. పాత సినిమా హాళ్ళలో బొమ్మ పడే ముందు వేసిన ఇండియన్ న్యూస్ రివ్యూ వీళ్ళదే. అంతకుముందు బ్రిటిష్ ప్రభుత్వం నడిపిన ఇండియన్ న్యూస్ పరేడ్ 1946లో మూతపడింది. అందువల్ల 1947 నాటి దృశ్యాలు కావాలంటే విదేశీ కంపెనీల రీళ్ళే ఎక్కువగా దిక్కు.

ఇక వెతకడం. తిరుపతి అని ఇంగ్లీషులో ఒక్క స్పెల్లింగ్ కొట్టి, ఏమీ లేదని లేచిపోయేవాళ్ళే ఎక్కువ. చివర హెచ్ చేర్చి కొట్టండి, బ్రిటిష్ వాళ్ళు పాత కాగితాల్లో రాసినట్టు త్రిపతి, త్రిపెట్టి అని కూడా కొట్టండి. చిత్తూరుకు ఇంకో తలనొప్పి ఉంది: రాజస్థాన్‌లోని చిత్తోర్ కోట అంతా వచ్చి పడుతుంది. మన జిల్లా ఏర్పడిందే 1911లో, అంతకుముందు ఇందులో ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటు. 1953 దాకా ఇదంతా మద్రాసు కిందే. లండన్‌లో కూర్చుని పేర్లు పెట్టినవాడికి మద్రాసు తప్ప ఇక్కడ ఇంకే ఊరూ తెలియదు, కాబట్టి మద్రాసు అనో సౌత్ ఇండియా అనో కొట్టి, పక్కన పిల్గ్రిమ్స్, టెంపుల్ కార్, జగర్‌నాట్ లాంటి మాటలు చేర్చండి. మన రథాన్ని వాళ్ళు పిలిచింది ఆ పేర్లతోనే.

ఊరి పేరుతో దొరక్కపోతే మనిషి పేరుతో పట్టుకోవచ్చు. మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి, తిరుత్తణిలో పుట్టి తిరుపతిలో కొన్నాళ్ళు చదువుకున్న రాధాకృష్ణన్ విదేశీ కెమెరాల ముందు నిలబడినవాళ్ళే. రాష్ట్రపతిగా రాధాకృష్ణన్ 1963 జూన్‌లో అమెరికా, బ్రిటన్ వెళ్ళారు, ఆ నెల రీళ్ళన్నీ చూడండి. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే అని పిల్లలకు కూడా చెప్పండి, చాలామందికి తెలియదు.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది, అందరూ చెడగొట్టేదీ ఇక్కడే. దొరికిన ఫిల్ము నిజంగా ఆ ఊరిదేనా, ఆ ఏడాదిదేనా?

వీడియో పైన రాసి ఉన్న పేరు సాక్ష్యం కాదు. ఆ పేరు ఫిల్ము తీసినవాడు పెట్టింది కాకపోవచ్చు, చాలా ఏళ్ళ తర్వాత డబ్బా మీది చీటీ చూసి ఎవరో రాసింది కావచ్చు. పాథే వాళ్ళ దగ్గరే చాలా ఫిల్ముల కింద తేదీ, స్థలం తెలియవని రాసి ఉంటుంది, అలా ఒప్పుకున్న చోట ఫర్వాలేదు, ఒప్పుకోకుండా ఊహించి రాసినచోటే ప్రమాదం. అందుకని మొదటిసారి చూసేటప్పుడు కింది వివరాలు చదవకండి. సౌండ్ పూర్తిగా తీసేయండి. 1927కు ముందరి న్యూస్ రీలుకు మాట లేదు, పాట లేదు, వెనక నాదస్వరం వినిపిస్తోందంటే తర్వాత ఎవరో అతికించిందే. ఆ నాదస్వరం చెవిన పడితే ఏ గుడైనా మన గుడిలాగే కనిపిస్తుంది. మనుషులు గబగబా నడుస్తుంటే అదొక మంచి గుర్తు. మూకీ కెమెరాలో సెకనుకు పదహారు బొమ్మలకు అటూ ఇటూగా తీసింది 24 చొప్పున ఆడిస్తే అలా పరుగెడుతుంది.

రెండోసారి ఆపి ఆపి చూడండి, ప్రతి దృశ్యానికీ నోట్‌బుక్‌లో సమయం రాసుకుంటూ. మొదట గోపురం. తిరుమల మహాద్వార గోపురం అంత ఎత్తైనది కాదు, ఏడంతస్తులది కింద తిరుపతిలో గోవిందరాజస్వామి గుడిది. గుడికి ఎడంగా ఒంటరిగా నిలబడ్డ పెద్ద గోపురం కనిపిస్తే శ్రీకాళహస్తి కాదేమో చూసుకోండి. 1516లో కృష్ణదేవరాయలు కట్టించినది 2010లో కూలిపోయింది, ఇప్పుడున్నది కొత్తది, కాబట్టి పాత ఫోటో పక్కన పెట్టుకుని పోల్చాలి. తిరుమల గుడి ముందు వెయ్యికాళ్ళ మండపం ఉండేది, 2003లో తీసేశారు. ఇప్పటి తిరుమలను మనసులో పెట్టుకుని వెతికేవాళ్ళు ఆ మండపం కనిపించినా గుర్తుపట్టలేక నిజమైనదాన్నే వదిలేస్తారు.

తర్వాత రోడ్డు, రైలు. కొండమీదికి ఘాట్ రోడ్డు వచ్చింది 1944లో. అంతకుముందు నడక, డోలీ. కొండ మలుపుల్లో బస్సు ఎక్కుతుంటే అది 1930 నాటి తిరుమల కాదు, ఎవరు ఒట్టేసి చెప్పినా కాదు. పాకాల మీదుగా కాట్పాడికీ ధర్మవరానికీ వెళ్ళే లైన్లు ఆ రోజుల్లో మీటర్ గేజ్, అంటే ఇరుకు పట్టాలవి. వెడల్పు పట్టాలు కనిపిస్తే ఆ లైన్ల మధ్యలోని స్టేషన్లు కొట్టేయండి.

తేదీ విషయంలో ఇంకో చిక్కు. రీలు మీద ఉండేది లండన్‌లో విడుదలైన రోజు, సంఘటన జరిగిన రోజు కాదు. ఫిల్ము ఓడలో వెళ్ళిన కాలంలో ఆ రెంటికీ మధ్య వారాలు గడిచేవి. జనవరిలో విడుదలైతే డిసెంబరు పండగలు కూడా చూడాలి.

చివరగా పెద్దవాళ్ళకు చూపించండి. ఈ మాట అందరూ చెప్తారు, కానీ చూపించే తీరే తప్పు. ‘తాతా, ఇది మన తిరుమలే కదా’ అని అడిగితే ఏ తాతైనా అవుననే అంటాడు, మనవడి ముచ్చట కాదనలేక. ఏమీ చెప్పకుండా ఆడించి ‘ఇదెక్కడ?’ అని మాత్రమే అడగండి. ఆయన వీధి పేరో, మండపం పేరో చెప్తే అప్పుడు ఎలా గుర్తుపట్టారని అడిగి రాసుకోండి. ఇద్దరికి చూపిస్తే విడివిడిగా చూపించండి, కలిపి కూర్చోబెడితే పెద్దాయన మాటే రెండో ఆయన మాట అవుతుంది.

గుర్తులు యాప్‌లో పెట్టి కనుక్కోవచ్చు కదా అని కుర్రాళ్ళు అంటున్నారు. ఫోటో పెడితే పోలిక ఉన్న గుడి పేరేదో చెప్తుంది, అందులో ద్రావిడ గోపురాలన్నీ ఒకేలా ఉంటాయి. రంగులద్దే యాప్‌ల జోలికీ వెళ్ళకండి, గోడ మీది సున్నం గీతలూ బోర్డు మీది అక్షరాలూ చెరిగిపోతాయి. మనకు కావలసింది అవే.

వాడుకోవడం గురించి క్లుప్తంగా. మన చట్టం ప్రకారం సినిమా ఫిల్ము మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు, అంటే 1964లో విడుదలైన ఇండియన్ న్యూస్ రివ్యూ 2025 నుంచి అందరిదీ. పాథే, మూవీటోన్ వాళ్ళవి చూడటం ఉచితం, మీ వీడియోలో వాడాలంటే లైసెన్సు కొనాలి. గ్రూపులో పంచుకోవాలంటే లింకు పంపండి, కోసిన ముక్క వద్దు. ముక్క పంపితే దాని పేరు రెండో గ్రూపుకే మారిపోతుంది.

పేరు తప్పని తేలితే ఆ ఆర్కైవ్‌కు ఇంగ్లీషులో మెయిల్ రాయండి. వీడియో లింకు, ఏ నిమిషం ఏ సెకను, అక్కడ కనిపించే కట్టడం ఏది, అదే కోణంలో తీసిన ఇంకో పాత ఫోటో, ఇవి నాలుగూ ఉండాలి. ‘మా ఊరు కాబట్టి మాకు తెలుసు’ అని రాయకండి.