కంప్రెసర్ హెడ్ విప్పేముందు: గేజ్ సున్నా చూపిస్తే సరిపోదు

సెమీ హెర్మెటిక్, అంటే బోల్టులు విప్పి లోపల బాగుచేసే వీలున్న కూలింగ్ కంప్రెసర్ హెడ్ (సిలిండర్ల మీది మూత) విప్పడం పైకి చాలా చిన్న పనిలాగే కనిపిస్తుంది. నాలుగు బోల్టులు, ఒక రెంచ్, ఇంతే కదా అనిపిస్తుంది. విప్పడం వచ్చినవాళ్లకే ఎక్కువగా దెబ్బలు తగులుతాయి, ఎందుకంటే లోపల గ్యాస్ అయిపోయిందనే ధీమా వాళ్లకే ఎక్కువ. అందుకని రెంచ్ పట్టుకోకముందు సంగతులే ఎక్కువ రాస్తున్నాను.

ముందు నేమ్ ప్లేట్ చదవండి. ఇళ్లల్లో ఫ్రిజ్ వెనక ఉండే నల్లటిది హెర్మెటిక్, చుట్టూ వెల్డింగ్ చేసి మూసేసిన రకం, పాడైతే మార్చేయడమే తప్ప విప్పి బాగుచేసేది కాదు. లోపల ఎలా ఉంటుందో చూద్దామని గ్రైండర్ పెట్టి కోసేవాళ్లు ఉన్నారు. ప్లేటు మీద ఆర్600ఎ అనో ఆర్290 అనో ఉంటే దయచేసి ఆ సరదా మానుకోండి. మొదటిది ఐసోబ్యూటేన్, రెండోది ప్రొపేన్, రెండూ మంటగ్యాసులే, బయటికి తీసేశాక కూడా ఆయిల్లో మిగిలినది నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది.

ఇక పంప్ డౌన్, అంటే కంప్రెసర్ వైపు గ్యాస్‌ని కండెన్సర్, రిసీవర్‌లోకి తోసేయడం. రిసీవర్ (లిక్విడ్ నిల్వ ట్యాంకు) ఔట్‌లెట్ వాల్వ్ మూసి, మెషిన్ నడుపుతూ సక్షన్ (గ్యాస్ లోపలికి పీల్చే వైపు) ప్రెషర్ 2 పీఎస్‌ఐ దాకా దించి ఆపేస్తాం. వ్యాక్యూమ్‌లోకి లాగొద్దు, లాగితే హెడ్ తెరిచిన క్షణంలో బయటి గాలీ తేమా లోపలికి పోతాయి. ఆపాక వెంటనే బోల్టు మీద చెయ్యి వేయకుండా గేజ్ దగ్గరే ఓ పది పదిహేను నిమిషాలు నిలబడి చూడండి, ముల్లు మెల్లగా పైకి లేస్తుంది. వాల్వ్ లీకేజీ కావొచ్చు గానీ చాలాసార్లు కారణం ఆయిలే. గ్యాస్ ఆయిల్లో కరిగి ఉంటుంది, ప్రెషర్ తగ్గేసరికి సోడా సీసా మూత తీసినట్టు నురగ కట్టుకుంటూ బయటికి వస్తుంది. ముల్లు కదలకుండా నిలబడేవరకు రెండు మూడుసార్లు పంప్ డౌన్ చేయాలి. ముందుగా క్రాంక్‌కేస్ హీటర్ (కంప్రెసర్ అడుగున ఆయిల్‌ని వేడిచేసేది) కాసేపు ఆన్‌లో ఉంటే ఆయిల్ వేడెక్కి ఈ పని త్వరగా అవుతుంది. పంప్ డౌన్ కోసం లో ప్రెషర్ కటౌట్‌కి (ప్రెషర్ తగ్గితే మెషిన్ ఆపే స్విచ్) జంపర్, అంటే దాన్ని దాటేసే వైరు వేసి ఉంటే పని అయ్యాక తీయడం గుర్తుపెట్టుకోవాలి, ఈ జంపర్లు మర్చిపోయి వదిలేసిన ప్యానెళ్లు బోలెడు.

ఇప్పుడు కంప్రెసర్ మీది సక్షన్, డిశ్చార్జ్ (గ్యాస్ బయటికి తోసే వైపు) సర్వీస్ వాల్వులు రెండూ ఫ్రంట్ సీట్ చేస్తారు, అంటే పైపుల నుంచి కంప్రెసర్‌ని వేరుచేసేలా మూసేస్తారు. మోసం జరిగేది సరిగ్గా ఇక్కడే. సక్షన్ గేజ్ సున్నా దగ్గర ఉంటుంది, కానీ డిశ్చార్జ్ రీడ్‌కీ (గ్యాస్ వెనక్కి రాకుండా ఆపే పల్చటి స్టీలు రేకు) డిశ్చార్జ్ వాల్వ్‌కీ మధ్య, అంటే మీరు విప్పబోయే హెడ్ కిందే, కండెన్సర్ ప్రెషర్ చిక్కుకుని ఉంటుంది. ఆర్22కి 40 డిగ్రీల దగ్గర అది 200 పీఎస్‌ఐ పైమాటే. కాబట్టి డిశ్చార్జ్ వైపు పోర్టుకి కూడా గేజ్ తగిలించి, అక్కడి గ్యాస్‌ని రికవరీ మెషిన్‌తో సిలిండర్‌లోకి తీయాలి. గదిలోకి వదిలేయొద్దు, ఈ గ్యాసులు చాలావరకు గాలికంటే బరువు, కింద పేరుకుని ఊపిరాడకుండా చేస్తాయి, మంట తగిలితే విషవాయువులుగా మారతాయి. ఇంకోమాట, డిశ్చార్జ్ వాల్వ్ మూసి ఉండగా ఎవరూ స్టార్ట్ నొక్కకూడదు, నొక్కితే గ్యాస్కెట్ ఎగిరిపోవచ్చు, ఒక్కోసారి హెడ్డే పగలొచ్చు. వాల్వ్ మీద ట్యాగ్ కట్టండి.

కరెంటు విషయంలో ఒక్కటి చెప్తాను, మిగతావి మీకు తెలిసే ఉంటాయి. మెయిన్ బ్రేకర్ దించి తాళం వేశారు సరే, క్రాంక్‌కేస్ హీటర్‌కి చాలాచోట్ల వేరే సప్లై ఉంటుంది, మెషిన్ ఆగినప్పుడే అది ఆన్ అవుతుంది. అందుకే టెస్టర్‌ని ముందు కరెంటు ఉన్నచోట పెట్టి వెలుగుతోందో లేదో చూసుకుని, తర్వాత టెర్మినల్స్ దగ్గర, హీటర్ వైర్ల దగ్గర విడివిడిగా చూడండి. టెర్మినల్ కవర్ తీసి ఉన్న కంప్రెసర్‌కి సప్లై ఇవ్వొద్దు, గ్యాస్ నిండి ఉన్నప్పుడు పిన్ను ఊడివస్తే మరిగే ఆయిల్ ముఖం మీదికి చిమ్ముతుంది. వ్యాక్యూమ్‌లో ఉన్న మోటారుకి మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ చూసే మీటరు) పెట్టడమూ తప్పే, వైండింగ్ లోపల ఆర్క్ కొడుతుంది.

అమోనియా మెషిన్ అయితే ఇదంతా చదివి ధైర్యం చేయొద్దు. గాలిలో 300 పీపీఎం (పది లక్షల్లో 300 వంతులు) చేరితే చాలు, ప్రాణానికి ముప్పు కింద లెక్క. మాస్కు, తోడు మనిషి, దగ్గర్లో కళ్లు కడుక్కునే నీళ్లు, ఆ మెషిన్ మీద పనిచేసిన అనుభవం, వీటిలో ఏది లేకపోయినా ఆగిపోండి.

హెడ్ బోల్టులు ఒక్కొక్కటీ పూర్తిగా తీసుకుంటూ పోవద్దు. ఎదురెదురుగా, అన్నిటినీ అర చుట్టు చొప్పున వదులు చేయండి. చివర్లో ఎదురెదురు బోల్టులు రెండింటిని నాలుగు మరలమీద అలాగే ఉంచి, ముఖం పక్కకి పెట్టి, హెడ్‌ని రబ్బరు సుత్తితో తట్టండి. గ్యాస్కెట్ అతుక్కుని ఉంటే అది విడేటప్పుడే మిగిలిన గ్యాస్ బుస్సుమంటుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగాకే ఆ రెండూ తీయాలి. కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా ఇక్కడిదాకా రావొద్దు. మోటారు కాలిపోయిన కేసుల్లో ఆయిల్‌లో యాసిడ్ ఉంటుంది, ఉత్త చేతులతో ముట్టుకోవద్దు.

లోపల కనిపించగానే డీజిల్‌తో కడిగేసే అలవాటు నాకు అస్సలు నచ్చదు. కడిగితే కారణం కూడా కొట్టుకుపోతుంది. ముందు వాల్వ్ ప్లేటు (హెడ్ కింద రీడ్‌లు బిగించి ఉండే పలక) చూడండి, నల్లగా మాడి, ఆయిల్ మసి కట్టి ఉంటే డిశ్చార్జ్ వేడి ఎక్కువైంది. రీడ్ ముక్కలై, పిస్టన్ తలమీద దెబ్బలుంటే గ్యాస్‌కి బదులు లిక్విడ్ వచ్చి కొట్టిందన్నమాట. మసి లేకుండా బేరింగులు గీతలు పడి అరిగి ఉంటే లిక్విడ్ వెనక్కి వచ్చి ఆయిల్‌ని కడిగేసి ఉండొచ్చు. ఫోటోలు తీసుకున్నాకే కడగండి. కనెక్టింగ్ రాడ్, దాని క్యాప్ జత విడదీయొద్దు, నంబర్లు లేకపోతే మీరే గుర్తు పెట్టుకోండి.

బిగించేటప్పుడు వాల్వ్ ప్లేటు గ్యాస్కెట్ పాతదాని మందమే ఉండాలి. మందం పెరిగితే పిస్టన్ పైన ఖాళీ పెరిగి పంపింగ్ తగ్గుతుంది, తగ్గితే పిస్టన్ ప్లేటుకి తగిలే ప్రమాదం ఉంది. పీఓఈ (పాలియోల్ ఎస్టర్) అనే సింథటిక్ కంప్రెసర్ ఆయిల్ గాలిలో తేమని పీల్చేస్తుంది కాబట్టి డబ్బా అన్నిటికంటే చివర్లోనే తెరవండి. లీక్ టెస్టు రెగ్యులేటర్ పెట్టిన డ్రై నైట్రోజన్‌తోనే, నేమ్ ప్లేటు మీద రాసిన టెస్ట్ ప్రెషర్ దాటకుండా. ఆక్సిజన్‌తో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. తర్వాత 500 మైక్రాన్ల (వ్యాక్యూమ్ కొలత, అర మిల్లీమీటరు పాదరసం) దాకా వ్యాక్యూమ్ లాగి, పంపు ఆపి, నిలుస్తుందో లేదో చూడండి. స్టార్ట్ చేసేముందు డిశ్చార్జ్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉందని చేత్తో తిప్పి చూసుకుని, ట్యాగ్ అప్పుడు విప్పండి.