చుక్కను పట్టుకోవడం: దసరా, దీపావళి ఆకాశం ముందు కెమెరా పెట్టేవాళ్లకు

మొదటిసారి వరంగల్ ఉర్సు గుట్ట దగ్గర రావణ వధకు కెమెరా పట్టుకొని పోయినప్పుడు రెండు వందలకు పైగా ఫొటోలు తీశాను, ఇంటికొచ్చి చూస్తే పనికొచ్చినవి మూడు. మిగతావన్నీ తెల్లగా, ఉబ్బిపోయి, ఎనుమాముల మార్కెట్‌లో బోరెం విప్పినట్టు ఉన్నాయి. మా తమ్ముడు ఒక్కొక్కటీ జరిపి చూసి "అన్నా, పటాకులు తీసినవా, పత్తి తీసినవా" అన్నాడు. తప్పు కెమెరాది కాదు, ఆటోలో పెట్టిన నాది. ఆటో మోడ్‌కు నల్లటి ఆకాశం కనిపించగానే "అయ్యో చీకటి" అనుకొని లెన్స్ బారుగా తెరుస్తుంది, అంతలో పైన పటాకుల ఎర్ర చుక్క పేలుతుంది, వెలుగు ఎక్కువై ఎరుపు కాస్తా తెలుపైపోతుంది.

అప్పటి నుంచి ప్రతి దసరాకు, దీపావళికి ఏదో ఒకటి మార్చి చూస్తూ వచ్చాను. ఇక్కడ రాసేది అదే. ముందే ఒక మాట: ఈ ప్రయోగాలన్నీ కెమెరాతోనే, పటాకుల మందుతో కాదు. ఇంట్లో చుక్కలు తయారు చేద్దామని చూసేవాళ్లు ఉంటారు, దయచేసి ఆ జోలికి పోకండి. లైసెన్స్ లేకుండా చేస్తే కేసు, అది కూడా వేళ్లు మిగిలితేనే.

చుక్క అంటే ఏంటో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. పైకి పోయి పగిలే ఔటు లోపల చిన్న చిన్న మందు గోళీలు ఉంటాయి, పటాకుల పనివాళ్లు వాటిని స్టార్లు అంటారు. గుండు పగలగానే అవి అంటుకొని నలుదిక్కులా ఎగురుతాయి. మనకు కనిపించే పువ్వు నిజానికి పువ్వు కాదు, ఆ గోళీలు కాలుతూ పోయిన దారులు. గోళీ పైనుంచి లోపలికి కాలుతుంది. అందుకే ఎరుపుగా మొదలై మధ్యలో ఆకుపచ్చగా మారే చుక్కను ఫొటోలో చూస్తే, పువ్వు నడిమిలో ఉండే ఎరుపు గోళీ పై పొరది, అంచున ఉండే పచ్చ లోపలి పొరది. తిరగేసినట్టు ఉంటుంది. ఇది తెలిశాక నా పాత ఫొటోలన్నీ మళ్లీ తీసి చూశాను.

ఇప్పుడు అసలు సంగతి. మామూలు ఫొటోలో షట్టర్ ఎక్కువసేపు తెరిస్తే వెలుగు పెరుగుతుంది కదా, ఇక్కడ అట్లా కాదు. చుక్క ఒక్కచోట ఆగదు, సెన్సర్ మీద ఒక్కో బిందువును క్షణంలో దాటిపోతుంది. కాబట్టి గీత ఎంత కాంతిగా వస్తుందో తేల్చేది అపర్చర్ (లెన్స్ కన్ను ఎంత తెరిచి ఉందన్నది), ఐఎస్‌ఓ (పడ్డ వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలన్నది) మాత్రమే. షట్టర్ తేల్చేది గీత ఎంత పొడుగు రావాలి, ఒకే ఫొటోలో ఎన్ని పువ్వులు పడాలి, వెనక ఆకాశం, పొగ, లైట్లు ఎంత వెలగాలి అన్నది. చాలామంది రంగు తెల్లబడిందని షట్టర్ తగ్గిస్తారు, దాంతో గీతలు పొట్టిగా వస్తాయి, తెల్లగానే వస్తాయి. తగ్గించాల్సింది అపర్చర్.

నేను మొదలుపెట్టే అంకెలు: ఐఎస్‌ఓ 100, ఎఫ్/11 (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ అపర్చర్ చిన్నదవుతుంది), షట్టర్ బల్బ్ మోడ్‌లో, అంటే బటన్ నొక్కి ఉంచినంతసేపు తెరిచి ఉండేలా, 2 నుంచి 4 సెకన్లు, రా ఫార్మాట్ (కెమెరా కుదించని అసలు ఫైలు). వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు, డేలైట్‌లో కట్టేయండి, లేకుంటే ఒక ఫొటోకు ఒక రంగు వస్తుంది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ తప్పకుండా ఆపేయండి, అది ఆన్‌లో ఉంటే మూడు సెకన్ల ఫొటో తర్వాత ఇంకో మూడు సెకన్లు కెమెరా ఖాళీగా ఆలోచిస్తూ కూర్చుంటుంది, ఈలోపు మంచి షాట్ పోతుంది. ట్రైపాడ్ మీద పెట్టాక లెన్స్ స్టెబిలైజేషన్ కూడా ఆపాలి. వైర్ రిమోట్ తక్కువ ధరకే దొరుకుతుంది, అది లేకుండా బల్బ్ మోడ్ జోలికి పోవద్దు, వేలు ఊపుతుంది.

ఫోకస్ వెలుతురు ఉన్నప్పుడే చూసుకోవాలి. దూరంగా ఉన్న సెల్ టవర్ ఎర్ర లైటో, గుట్ట మీది బల్బో లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) 10 రెట్లు పెద్దది చేసి, ఆ లైటు సూది మొనలా అయ్యేదాకా రింగు తిప్పి, మాన్యువల్‌లో పెట్టి, రింగుకు ఇన్సులేషన్ టేపు వేసేయండి. టేపు వేయని ఏడాది జనంలో ఎవరిదో చెయ్యి తగిలి రింగు జరిగింది, అది నాకు తెల్లారి తెలిసింది.

ఇక ఒక్కో రకానికి ఒక్కో లెక్క. గుండ్రంగా విచ్చి, తోక లేకుండా రంగు చుక్కలే కనిపించేవి పియొనీలు. ఎరుపు స్ట్రాన్షియం అనే లోహానిది, దీనికి ఎఫ్/11 సరిపోతుంది. ఆకుపచ్చ బేరియంది. బేరియం లవణాలు వాడొద్దని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, 2021లో మళ్లీ గట్టిగా చెప్పింది. నీలం రాగిది, అన్నిటికంటే మొండి రంగు ఇదే. ఆ రంగునిచ్చే రాగి క్లోరైడ్ వేడి ఎక్కువైతే విడిపోతుంది, అందుకే మంచి నీలం ఎప్పుడూ కాస్త మసకగానే ఉంటుంది. నీలం కోసం ఎఫ్/8కి రావాలి, అదే షాట్‌లో తెలుపు చుక్కలు కూడా ఉంటే నీలాన్ని వదులుకోవాలి, రెండూ దొరకవు. తెలుపు, వెండి రంగులు మెగ్నీషియం, అల్యూమినియం, టైటానియం లాంటి లోహాలవి, కళ్లు చెదిరేంత కాంతి, వీటికి ఎఫ్/16.

బంగారు రంగులో మెల్లగా కిందికి వంగి, చింతకొమ్మ బరువుకు వాలినట్టు దిగేది విల్లో. ఇందులో వెలిగేది బొగ్గు రవ్వలు, కాంతి తక్కువ, ఆయుష్షు ఎక్కువ. ఎఫ్/5.6 దాకా తెరిచి 5, 6 సెకన్లు ఉంచాలి. తొందరపడి షట్టర్ మూసేస్తే కొమ్మ సగంలో తెగుతుంది.

నాకు బాగా ఇష్టమైంది స్ట్రోబ్, అంటే మిణుకుమంటూ పోయే చుక్క. కంటికి అది గందరగోళంగా మెరుస్తుంది, రెండు సెకన్ల ఫొటోలో మాత్రం ఒక్కో చుక్క దారి వెంట ముగ్గు చుక్కలు పెట్టినట్టు వరుస పడుతుంది. ఫొటోను పెద్దది చేసి చూడండి: నడిమి దగ్గర చుక్కల మధ్య ఎడం ఎక్కువ, అంచుకు పోయేకొద్దీ దగ్గరవుతాయి. మిణుకు వేగం దాదాపు అంతే ఉంటుంది, గాలి అడ్డుకొని గోళీ నెమ్మదిస్తుంది కాబట్టి. చిన్న గోళీలు గాలికి ఎంత త్వరగా లొంగుతాయో ఆ ఒక్క ఫొటోలో కనిపిస్తుంది.

జాగ గురించి. దసరా నాడు దశమి, రాత్రి ఎనిమిదికి చంద్రుడు దాదాపు ముప్పావు నిండి దక్షిణాన పైకెక్కి ఉంటాడు, పొగ పాలలాగా మెరుస్తుంది. లెన్స్ దక్షిణానికి చూడకుండా నిలబడే చోటు వెతుక్కోండి. దీపావళి ముందు రోజు ఉర్సు రంగలీలా మైదానంలో నరకాసుర వధకు ఈ బాధ లేదు, చతుర్దశి కదా, చంద్రుడు తెల్లవారుజామున గానీ రాడు. నన్నడిగితే ఫొటోలకు ఈ రెండోదే మేలు. గాలి ఎటు పోతుందో ముందే ఒక అగరుబత్తి వెలిగించి చూడండి, గాలి మీ వీపు మీదుగా పటాకుల వైపు పోవాలి. ఎదురుగా నిలబడితే పొగంతా మీ ఫొటోలోనే. అసలు మంచి ఫొటోలన్నీ మొదటి ఐదు నిమిషాల్లోనే పడతాయి, పొగ పేరుకోకముందు. జమ్మి చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ అంటూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, ఆ ఐదు నిమిషాలు మాత్రం తప్పించుకోండి.

అంకెలు కుదిరాక ఆడుకోవచ్చు. లెన్స్‌ను 55 మి.మీ.కి జూమ్ చేసి, గుండు పగలగానే షట్టర్ తెరిచి, ఒక సెకను ఆగి, ఫోకస్ రింగును మెల్లగా దగ్గరికి తిప్పండి. చుక్క దారి సన్నగా మొదలై చివర్లో లావెక్కుతుంది, ఆకాశం నిండా గునుగు పూలు నిలబెట్టినట్టు వస్తుంది. తిప్పే వేగం కుదరడానికి నాకు ఒక దీపావళి మొత్తం పట్టింది. ఇంకోటి నల్ల అట్టముక్క: షట్టర్ తెరిచే ఉంచి, లెన్స్ ముందు అట్ట పెట్టి, నచ్చిన పువ్వు వచ్చినప్పుడే తీస్తే నాలుగైదు పువ్వులు ఒకే ఫొటోలో పడతాయి. అట్ట లెన్స్‌కు తగలొద్దు.

పాత సీడీ ఒకటి ఇంట్లో ఎక్కడో పడి ఉంటుంది. దాని పై వెండి పొరను సెల్లో టేపు అంటించి పీకేస్తే అడుగున గాజులాంటి బిళ్ల మిగులుతుంది, దాని మీది గీతలు మిల్లీమీటరుకు సుమారు 625. ఒక ముక్క కత్తిరించి లెన్స్ ముందు పెడితే ప్రతి చుక్క పక్కన దాని రంగులు విడివిడిగా పరుచుకుంటాయి. ఇక్కడ మాత్రం షట్టర్ పొట్టిగా ఉండాలి, 1/60 సెకను, ఐఎస్‌ఓ 1600, ఎఫ్/4, లేకుంటే గీతలు కలిసిపోతాయి. లోహపు తెలుపు చుక్కకు పూర్తి ఇంద్రధనుస్సు వస్తుంది. ఎరుపు చుక్కకు ఎరుపు, నారింజ వైపే గుంపుగా పట్టీలు వస్తాయి, మిగతా చోట దాదాపు ఖాళీ. పసుపుకు ఒక్క ముద్ద, అది సోడియం, 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర. ముందు రోజు ఇంట్లో సాధన చేయాలంటే దీపం వత్తిని, పాత సీఎఫ్ఎల్ బల్బును ఆ ముక్కలోంచి చూడండి, ఒకటి రంగులన్నీ పరుస్తుంది, ఇంకోటి ముక్కలుముక్కలుగా చూపిస్తుంది.

ఎంత దూరంలో, ఎంత వెడల్పున పగిలిందో కూడా తేల్చొచ్చు. కెమెరా ఫొటో తీస్తుండగా పక్కనే ఫోన్‌లో సెకనుకు 30 ఫ్రేముల వీడియో నడవనివ్వండి. మెరుపు కనిపించిన ఫ్రేము నుంచి చప్పుడు వినిపించిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. మన అక్టోబరు వేడికి శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది, అంటే ఒక్కో ఫ్రేముకు 11.5 మీటర్లు. 12 ఫ్రేములు వచ్చాయంటే ఆ పువ్వు మీ నుంచి దాదాపు 140 మీటర్లు. కెనాన్ క్రాప్ సెన్సర్ (మామూలు కెమెరాల్లో ఉండే చిన్న సైజు సెన్సర్) వెడల్పు 22.3 మి.మీ., లెన్స్ 18 మి.మీ. అయితే ఆ దూరంలో ఫ్రేము నిండా పట్టేది 173 మీటర్లు. పువ్వు అందులో మూడో వంతు ఉంటే వెడల్పు దాదాపు 58 మీటర్లు. చప్పుడు గుండు పగిలినదే కావాలి, కింద నుంచి ఎగిరినప్పటి దబ్ అన్నది కాదు, నేను రెండేళ్లు దాన్నే లెక్కపెట్టాను.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లు ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ 50, షట్టర్ 1 సెకను, ఫోకస్ జరుపుడు పట్టీని గుట్ట గుర్తు (దూరం) ఉన్న వైపు పెట్టి, ఫోన్‌ను దేనికైనా ఆనించి మూడు సెకన్ల టైమర్‌తో తీయండి. చాలా ఫోన్లలో అపర్చర్ మారదు కాబట్టి వెండి చుక్కలు తెల్లబడతాయి, విల్లోలు మాత్రం మస్తు వస్తాయి. ఫ్లాష్ ఆపారా లేదా చూసుకోండి. పోయినసారి నా ముందు నిలబడ్డ పెద్దాయన ప్రతి ఔటుకు ఫ్లాష్ కొడుతూనే ఉన్నాడు, నా ఫొటోల్లో సగానికి కింద ఆయన తలపాగా వెలుగుతోంది.