పేపర్ పంపే ముందే ఎడిటర్‌కు చెప్పేయాల్సినవి

నేనొక పరిశోధన జర్నల్‌కు ఎడిటర్‌ని. కొత్త పేపర్ రాగానే సారాంశం కంటే ముందు కవర్ లెటర్ చదువుతాను. చాలామంది దాన్ని మర్యాద కోసం రాసే ఉత్తరం అనుకుని, జర్నల్‌ను నాలుగు లైన్లు పొగిడి వదిలేస్తారు. నాకు కావాల్సింది వేరే. ఈ డేటాలో కొంతైనా ఇంతకుముందు ఎక్కడన్నా అచ్చయిందా? పనికి డబ్బు ఎవరిచ్చారు? పేర్లున్న వాళ్లంతా చివరి కాపీ చదివారా? తర్వాత పెద్ద గొడవగా మారే విషయాల్లో చాలావరకు, ముందే ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే అక్కడితో పోయేవే. మొదటి పేపర్ పంపబోతున్న వాళ్ల కోసం, పని సాగే వరుసలోనే ఇది రాస్తున్నాను.

పేర్ల సంగతి ప్రయోగం మొదలయ్యే రోజుల్లోనే తేల్చుకోండి. పేపర్ పూర్తయ్యాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి ఎవరి ఆశలు వాళ్లకుంటాయి, మొహమాటాలూ పెరుగుతాయి. వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ, అంటే అందరూ ఐసీఎంజేఈ అనేది, ఆథర్‌కు నాలుగు షరతులు పెట్టింది. పని ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ వంతు ఉండాలి. పేపర్ రాయడంలో గానీ, విషయపరంగా దిద్దడంలో గానీ చెయ్యి ఉండాలి. అచ్చుకు వెళ్లే కాపీకి ఒప్పుకోవాలి. పేపర్లో ఏ భాగం మీద ప్రశ్న వచ్చినా దాని సంగతి తేల్చే బాధ్యత తీసుకోవాలి. నాలుగూ ఉండాలి, ఒకటో రెండో ఉంటే చాలదు. చివరిది 2013లో చేర్చారు, నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది అదే. నిధులు తెచ్చినందుకో, ల్యాబ్ వాడుకోనిచ్చినందుకో, డిపార్ట్‌మెంట్ హెడ్ అయినందుకో పేరు రాదు. వాళ్లకు కృతజ్ఞతల్లో చోటుంది.

ఇది చెప్పడం తేలికే. పైనున్న వాళ్లతో ఆ మాట అనడం స్కాలర్‌కు ఎంత టెన్షనో నాకు తెలుసు. అందుకే ఎదురుపడి వాదించమని నేను చెప్పను. క్రెడిట్ అనే 14 పాత్రల జాబితా ఒకటుంది: ఆలోచన, పద్ధతి, డేటా నిర్వహణ, మొదటి డ్రాఫ్ట్, ఇలా. చాలా జర్నళ్లు దీన్నే అడుగుతాయి. దాన్ని టేబుల్‌గా వేసి, "సార్, ఎవరెవరు ఏ పని చేశారో జర్నల్ అడుగుతోంది. మీ వరుస మీరే నింపి పంపగలరా?" అని అందరికీ ఒకే మెయిల్ పెట్టండి. నింపడానికి ఏమీ లేనివాళ్లు చాలాసార్లు తామే తప్పుకుంటారు. ఎవరూ ఎవరినీ తీసెయ్యక్కర్లేదు.

దీనికి వెనకవైపు ఇంకో తప్పుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. ల్యాబ్ వదిలి వెళ్లిపోయిన జూనియర్ చేసిన కొలతలు పేపర్లో ఉంటాయి, పేరు మాత్రం ఉండదు. ఎవరూ అడగరనుకుంటారు. అతని మెయిల్ ఐడీ వెతికి పట్టుకోండి, డ్రాఫ్ట్ పంపండి, రాసి దిద్దే అవకాశం ఇవ్వండి.

మనుషుల మీద చేసిన అధ్యయనమైతే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు, డేటా తర్వాత. నేను రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూస్తాను. అనుమతి తేదీ కంటే ముందే సర్వే మొదలైనట్టు కనిపిస్తే పేపర్ ఎంత బాగున్నా అక్కడే ఆగిపోతుంది. ఆ లోటును తర్వాత పూడ్చడం ఎవరివల్లా కాదు.

ఇక బొమ్మలు, గ్రాఫులు. పరికరం నుంచి వచ్చిన అసలు ఫైలును ముట్టుకోకండి. కాపీ తీసుకుని దాని మీదే పని చెయ్యండి. జెల్ ఫోటోనే తీసుకోండి, అంటే డీఎన్‌ఏనో ప్రోటీన్లనో విడదీసినప్పుడు అవి చారల్లా (వీటినే బ్యాండ్లంటారు) కనిపించే ఫోటో. బ్రైట్‌నెస్ పెంచాలంటే బొమ్మ మొత్తానికీ ఒకేలా పెంచవచ్చు. ఒక్క బ్యాండ్ చుట్టూ మాత్రమే పెంచితే అది తారుమారు కిందికి వస్తుంది. కాంట్రాస్ట్ మరీ పెంచితే వెనక బూడిద రంగు తెల్లగా తేలిపోయి, దాంతోపాటు మసగ్గా ఉన్న చిన్న బ్యాండ్లూ మాయమవుతాయి. ఆ చిన్న బ్యాండ్ మీ వాదనకు అడ్డు వచ్చేదైతే, మీ ఉద్దేశం ఏదైనా చదివేవాళ్లకు అబద్ధం చెప్పినట్టే. రెండు వేర్వేరు జెల్‌ల నుంచి వరుసలు తెచ్చి పక్కన పెడితే మధ్యలో గీత గియ్యండి, బొమ్మ కింద ఆ సంగతి రాయండి. మైక్రోబయాలజిస్టు ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 20,621 పేపర్లలోని బొమ్మలు చూసి 2016లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో 3.8 శాతం పేపర్లలో అనుమానించదగ్గ బొమ్మలున్నాయి. ఇప్పుడు మీ బొమ్మల్ని అచ్చయ్యాక కూడా ఎవరో ఒకరు అంత జాగ్రత్తగానూ చూస్తారనుకునే పంపండి.

కో-ఆథర్‌గా సంతకం పెట్టేవాళ్లకు ఒకే మాట: డేటా మీ కళ్లతో చూడకుండా పెట్టకండి. 2020లో సర్జిస్పియర్ అనే కంపెనీ తన దగ్గర వేల మంది కోవిడ్ రోగుల రికార్డులున్నాయంది. దాని ఆధారంగా లాన్సెట్‌లో ఒక పేపర్, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒకటి వచ్చాయి. ప్రశ్నలు రాగానే మిగతా ఆథర్లు అసలు డేటా అడిగారు. కంపెనీ ఇవ్వలేదు. జూన్‌లో రెండు పేపర్లూ రిట్రాక్ట్ అయ్యాయి, అంటే చెల్లవని ప్రకటించి వెనక్కి తీసుకున్నారు. అచ్చుకు ముందు అడగాల్సిన ప్రశ్న అచ్చయ్యాక అడిగారు.

సిమిలారిటీ రిపోర్టు, అంటే మీ వాక్యాలు ఇదివరకే అచ్చయిన వాటితో ఎంత కలుస్తున్నాయో సాఫ్ట్‌వేర్ చూపే లెక్క గురించి అందరూ అడిగేది "ఎంత శాతం దాకా పర్లేదు?" అని. అంకెతో పని లేదు. మెథడ్స్‌లో మామూలు వాక్యాల వల్ల శాతం పెరిగితే నేను పట్టించుకోను. చర్చా భాగంలో వేరొకరి ఆలోచన ఒక్క పేరా ఉండి, పేరు చెప్పకపోతే పట్టించుకుంటాను. పదాలు మార్చే టూల్‌తో శాతం తగ్గించవచ్చు గానీ ఆలోచన మాత్రం వాళ్లదే కదా! మీ పాత పేపర్లోంచి తెచ్చిందైనా సరే, ఎక్కడిదో చెప్పండి. ఏఐ టూల్ వాడితే దేనికి వాడారో రాయండి. దాన్ని ఆథర్‌గా పెట్టకూడదని కోప్ 2023లోనే స్పష్టం చేసింది, ఎందుకంటే అది బాధ్యత తీసుకోలేదు. కోప్ అంటే 1997లో ఎడిటర్లు పెట్టుకున్న ప్రచురణ నైతికత కమిటీ.

డబ్బు సంగతి దాచకండి. బ్రిటిష్ వైద్యుడు ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 1998లో లాన్సెట్‌లో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా మీద అనుమానాలు రేపిన పేపర్‌కు ఆధారం 12 మంది పిల్లలు. టీకా కంపెనీల మీద కేసు వేయబోతున్న లాయర్ల నుంచి ఆయనకు డబ్బు అందింది. ఆ సంగతి పేపర్లో లేదు. పిల్లల్ని ఎంచిన తీరు, ఎథిక్స్ అనుమతి గురించి రాసింది కూడా అబద్ధమని తేలి, 2010లో పేపర్‌ను రిట్రాక్ట్ చేశారు. ఈలోపు ఎంతమంది తల్లిదండ్రులు టీకాకు భయపడ్డారో తలచుకుంటే ఇప్పటికీ మనసు పాడవుతుంది. కన్సల్టెన్సీ, షేర్లు, పేటెంటు, ప్రయాణ ఖర్చులు ఏదైనా రాయండి. అది రాసినందుకు పేపర్ తిరస్కరించరు.

జర్నల్ ఎంచుకునేటప్పుడు ఒక పూట కేటాయించండి. కోప్ సభ్యత్వం ఉందని జర్నల్ చెప్పుకుంటే కోప్ వెబ్‌సైట్‌లో చూడండి, ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే జర్నల్) అయితే అలాంటి జర్నళ్ల జాబితా డీఓఏజేలో వెతకండి. రెండు రోజుల్లో రివ్యూ (తోటి నిపుణుల పరిశీలన) పూర్తిచేస్తామంటే దండం పెట్టి వచ్చేయండి. జాన్ బోహన్నన్ అనే విలేకరి తప్పులతో నింపిన ఒక కట్టుకథ పేపర్‌ను 304 జర్నళ్లకు పంపితే 157 ఒప్పుకున్నాయి. 2013లో బయటపడిన సంగతి ఇది.

ఒక పేపర్ ఒకసారికి ఒకే జర్నల్‌కు. ఆలస్యమైతే మెయిల్ రాసి అడగండి. వెనక్కి తీసుకోవాలంటే రాతపూర్వకంగా అడిగి, "సరే" అని జవాబు వచ్చాకే ఇంకోచోటికి పంపండి. ప్రీప్రింట్ (రివ్యూకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే కాపీ) పెట్టి ఉంటే కవర్ లెటర్‌లో లింకు ఇవ్వండి. రివ్యూయర్ల పేర్లు సూచించమంటే స్నేహితుల్నీ, ఈమధ్య కలిసి పేపర్ రాసిన వాళ్లనీ వదిలేసి, సంస్థ ఇచ్చిన మెయిల్ ఐడీలే ఇవ్వండి.

అచ్చయ్యాక తప్పు కనిపిస్తే ఇంకెవరో కనిపెట్టేదాకా ఆగకండి. 2018లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్న ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్, ఫలితాలు మళ్లీ రాబట్టలేకపోయామని 2020 జనవరిలో తన పేపర్ రిట్రాక్షన్‌ను తనే ట్విట్టర్‌లో ప్రకటించారు. ఆమె మీద గౌరవం తగ్గలేదు, పెరిగింది. మీరు రాసే మెయిల్లో డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య), ఏ పట్టికలో ఏ అంకె తప్పు, సరైనది ఏది, దానివల్ల ముగింపు మారుతుందా లేదా, ఎలా బయటపడింది అన్నవి ఉంటే చాలు. ముగింపు నిలబడితే సవరణ వేస్తాం, నిలబడకపోతే రిట్రాక్షన్. సరిచేసిన డేటా ఫైలు జతచేసి, కో-ఆథర్లందరినీ కాపీలో పెట్టి ఎడిటర్‌కు పంపండి.